మా పాప జొన్నరొట్టె వెనుక ఉన్నవారికి కృతజ్ఞతలు

మా తొమ్మిదేళ్ల పాపకు సీలియాక్ జబ్బు ఉందని కిందటేడు కర్నూలులో చేసిన రక్తపరీక్ష, ఎండోస్కోపీలో తీసిన చిన్నపేగు ముక్క పరీక్ష తేల్చాయి. గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లో ఉండే గ్లూటెన్ కడుపులో పడినప్పుడల్లా శరీరం తన చిన్నపేగునే దెబ్బతీసుకునే జబ్బు ఇది. దీనికి ఉన్న చికిత్స ఒక్కటే, జీవితాంతం గ్లూటెన్ లేని తిండి. గోధుమలు మాన్పించి ఎనిమిది నెలలైనా పాపకు కడుపునొప్పి తగ్గలేదు, రక్తపరీక్షలో టీటీజీ అంకె (ఈ జబ్బులో రక్తంలో పెరిగే ప్రతిరక్షకాల కొలత) దిగవలసినంత దిగలేదు. అప్పటినుంచి సంగటి, జొన్నరొట్టె, అన్నం తప్ప వేరే ఎరుగని ఇంట్లోకి గ్లూటెన్ ఎక్కడి నుంచి వస్తోందో తెలియక నేను కుమిలిపోతున్న రోజుల్లో, అనంతపురం పాతూరులోని మా వీధివారు ముగ్గురు మమ్మల్ని ఆదుకున్నారు. పేర్లు రాయవద్దని ముగ్గురూ కోరారు కాబట్టి రాయడం లేదు.

మొదట చెప్పుకోవలసింది కెమిస్ట్రీ లెక్చరర్‌గా రిటైరైన సారు గురించి. వంటింట్లో ఉన్న ప్యాకెట్లన్నీ సంచిలో వేసుకుని రమ్మని చెప్పి, వాటిని తమ వసారాలో చాప మీద పరిచి, ఒక్కొక్కటీ భూతద్దంతో చదివారు. నేను నమ్మకంగా వాడుతున్న జొన్నపిండి ప్యాకెట్ ముందువైపు 'గ్లూటెన్ ఫ్రీ' అని పెద్దగా ఉంది. వెనుక, అతికించిన మడత కింద, గోధుమలను కూడా ఆడించే చోట తయారైందన్న మాట చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. ఎనిమిది నెలలుగా ఆ మడత విప్పి చూడలేదు నేను.

అయితే ఆ ఒక్క మాట చూసి ప్యాకెట్ పారేయనక్కర్లేదని, అది లేనంత మాత్రాన నమ్మనూ కూడదని సారు చెప్పారు. మన దేశంలో ఆహార ప్రమాణాలు నిర్ణయించే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన ప్రకారం గ్లూటెన్ ఫ్రీ అని రాసే పదార్థంలో కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండకూడదు. కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణమూ అంతే. రోజుకు 50 మిల్లీగ్రాముల గ్లూటెన్ మూడు నెలలు తీసుకున్న సీలియాక్ రోగుల పేగు దెబ్బతిన్నట్లు 2007లో వెలువడిన పరిశోధన చూపిందని చెప్పి, కాగితం మీద లెక్క వేసి చూపించారు. నిజంగా కిలోకు 20 మిల్లీగ్రాముల హద్దులో ఉన్న పిండిని పాప రోజుకు అరకిలో తిన్నా కడుపులోకి వెళ్లేది 10 మిల్లీగ్రాములే. గోధుమపిండి బరువులో మాత్రం దాదాపు పదో వంతు గ్లూటెనే కాబట్టి, అరగ్రాము గోధుమపిండి కలిసినా ఆ 50 దగ్గరికి చేరిపోతుంది. అరగ్రాము అంటే ఒక చిటికెడు. ఆ కాగితం ఇప్పటికీ మా వంటింటి తలుపుకు అంటించి ఉంది.

తరువాత ప్యాకెట్ల మీది నంబర్లకు సారే స్వయంగా ఫోన్లు చేశారు. ఏ బ్యాచ్‌ను పరీక్షించారు, ఎంత వచ్చింది అని అడిగితే ఒక చోట పరీక్ష నివేదిక పంపించారు, ఇంకొక చోట జొన్నల్లో గ్లూటెన్ ఉండదు కదా అని జవాబిచ్చారు. ఆ రెండో ప్యాకెట్‌ను సారు పక్కన పెట్టించారు. జొన్నల్లో గ్లూటెన్ లేని మాట నిజమే కానీ, పొలం నుంచి ప్యాకెట్ దాకా గోధుమ తగలని దారి ఉండాలి కదా. అమెరికాలో గ్లూటెన్ సహజంగానే లేని ధాన్యాలు, గింజలు, పిండ్లు కలిపి 22 నమూనాలు పరీక్షిస్తే 7 ఆ 20 మిల్లీగ్రాముల హద్దు దాటినట్లు 2010లో ప్రచురించారని కూడా ఆయనే చెప్పారు. గోధుమ లేదని రాసిన దాంట్లో బార్లీ ఉండవచ్చని, మాల్ట్ అన్న మాట కనిపిస్తే చాలావరకు అది బార్లీయేనని నేర్పారు. అన్నిటికంటే నన్ను నిశ్చేష్టురాలిని చేసింది ఇంగువ డబ్బా. రోజూ పప్పులో, చారులో వేస్తున్న ఆ పొడిలో గోధుమపిండి కలిపినట్లు డబ్బా మీదే రాసి ఉంది.

రెండో కృతజ్ఞత మా వీధి చివర పిండి మిషన్ నడిపే అన్నకు. బయటి పిండి మానేసి జొన్నలు తీసుకుని వెళితే ఆయన సంచి విప్పనైనా విప్పలేదు. "అమ్మా, పొద్దున్నుంచి ఈ రాయిలో గోధుమలే పడినాయి. ఎంత ఊడ్చినా సందుల్లో ఉంటానే ఉంటాది. పోతాదని నీకు అబద్ధం చెప్పలేను, బిడ్డకు ఇక్కడ పట్టించొద్దు" అన్నారు. పదేళ్లుగా వస్తున్న గిరాకీని పోగొట్టుకుంటానని తెలిసి కూడా ఉన్నమాట చెప్పిన ఆయన రుణం నేను తీర్చుకోలేను. ఆయన మొహమాటపడి ఊరుకుని ఉంటే, గ్లూటెన్ ఫ్రీ ప్యాకెట్ మానేసి గోధుమపిండి కలిసిన జొన్నపిండే పాపకు పెడుతూ ఉండేదాన్ని.

ఆ సంగతి విన్న ఎదురింటి అవ్వ మరునాడే తమ ఊరి నుంచి ఇసుర్రాయి తెప్పించి మా వసారాలో పెట్టించారు. దాంట్లో రాగులు, జొన్నలు తప్ప గోధుమలు ఎన్నడూ వేయలేదని పెట్టేముందే చెప్పారు. జొన్నలను చాటలో పోసి, పొరపాటున కలిసిన గోధుమ గింజలుంటే ఏరి, కడిగి ఆరబెట్టి విసరడం నాకు నేర్పింది కూడా ఆమే. ఆమె కళ్లకు దొరికినన్ని గింజలు నా కళ్లకు ఇప్పటికీ దొరకవు.

పాపకు కడుపునొప్పి పోయింది, పోయిన నెల పరీక్షలో టీటీజీ బాగా దిగింది, బరువు మూడు కిలోలు పెరిగింది. ఈ మధ్య గుత్తి రోడ్డు వైపు నుంచి ఒక తల్లి తన కొడుక్కీ ఇదే జబ్బని చెప్పి పిండి పట్టించడానికి వస్తే, మిషన్ అన్న ఆమెను నేరుగా మా ఇంటికి పంపారు. ఆమెతో కూర్చుని మొదట ఇంగువ డబ్బా చదివించాను, తరువాత సారు ఇంటికి వెంటబెట్టుకుని వెళ్లాను.