చపాతీ పిండితో చాంబర్ కొలత

అల్వాల్, హైదరాబాద్

ఒరేయ్ మామా,

ఉత్తరం అందింది. అరకు చలి గురించి రెండు పేజీలు రాసి, చివర్లో తోకలా ఒక్క ముక్క అడిగావు: "జీపుకి ఆయిల్ కూలర్ పెట్టిద్దామనుకుంటున్నా, ఏది కొనమంటావ్?" అని. ఇంజిన్ ఆయిల్‌ని చల్లబరిచే ఆ సామాను ఇప్పుడప్పుడే ఏదీ కొనకు. ఎందుకో చెప్తాను, పొడుగ్గానే చెప్తాను. ఈ చదువుకి నేను 18 వేలు ఫీజు కట్టాను మరి.

నా మారుతి జిప్సీ జీపు సంగతి నీకు తెలుసుగా. 1298 సీసీ పెట్రోల్ ఇంజిన్, చిన్నది, కానీ గొంతు పెద్దది. మొన్న ఏప్రిల్‌లో వికారాబాద్ వైపు వెళ్ళాం. అనంతగిరి దాటాక ఒక రాళ్ళ దారి ఉంది, వానలకి కోసుకుపోయి గాడిలా తయారైంది. ఎక్కేటప్పుడు ఏమీ కాలేదు. దిగేటప్పుడు లో రేంజ్‌లో (ఫోర్ వీల్ బండ్లకుండే నెమ్మది గేరు వరసలో), ఫస్ట్ గేర్‌లో, బ్రేక్ మీద కాలు పెట్టకుండా ఇంజిన్ పట్టుతోనే దింపుతున్నాను. సగం దారిలో ఆయిల్ లైటు ఎర్రగా మినుక్కుమంది. ఒక్క క్షణం. మళ్ళీ ఆరిపోయింది. పది అడుగులు దిగాక మళ్ళీ వెలిగింది.

నా గుండె జారిపోయింది. ఆ లైటు సంగతి నీకూ తెలిసే ఉంటుంది. ప్రెషర్ తగ్గుతోందని చెప్పడానికి కాదు అది ఉన్నది, ప్రెషర్ దాదాపు పోయాక చెప్పడానికి. చావు కబురు చల్లగా చెప్పే రకం. ఇంజిన్‌లో తిరిగే ఇరుసు క్రాంక్‌కీ, దాన్ని మోసే బేరింగ్ షెల్స్‌కీ మధ్య లోహం లోహానికి తగలకుండా కాపాడేది సన్నటి ఆయిల్ పొర ఒక్కటే. అది తెగితే గీతలు పడటానికి ఎంతోసేపు పట్టదు.

ఇంటికొచ్చి డిప్ స్టిక్ చూస్తే లెవెల్ సరిగ్గానే ఉంది. ఎండాకాలం కదా, ఆయిల్ వేడెక్కి నీళ్ళలా అయిపోయి ఉంటుందని నాకు నేనే తీర్పు చెప్పేసుకున్నాను. మా గల్లీ చివర ఉస్తాద్ కూడా "చిక్కటి ఆయిల్ పొయ్యండి సార్, 20డబ్ల్యూ-50" అన్నాడు. పోశాను. కూలర్ కూడా కొన్నాను. మామా, అది చూడటానికి ఎంత బాగుంటుందో! నల్లటి రేకులు, అల్లిన తొడుగు ఉన్న గొట్టాలు, నీలం ఎరుపు ఫిట్టింగులు. పెళ్ళికొడుకు ముస్తాబులా ఉంది. రెండు ఆదివారాలు కూర్చుని నేనే బిగించాను.

పని కష్టమేమీ కాదు. ఆయిల్ ఫిల్టర్ విప్పి, దానికీ బ్లాక్‌కీ మధ్య శాండ్‌విచ్ ప్లేట్ అనే చక్రం పెడతారు. ఆయిల్ అక్కణ్ణించి కూలర్‌కి వెళ్ళి తిరిగొస్తుంది. థర్మోస్టాట్ ఉన్న ప్లేటే తీసుకోవాలి, సుమారు 80 డిగ్రీలు దాటాకే దారి తెరిచేది. అది లేకపోతే మీ అరకు చలిలో ఆయిల్ ఎప్పటికీ వేడెక్కదు. వేడెక్కకపోతే అందులో చేరిన తేమ ఆవిరై బయటికి పోదు. ఇంకోటి, పాత ఫిల్టర్ తీసినప్పుడు దాని రబ్బరు రింగు బ్లాక్‌కే అతుక్కుని ఉండిపోతుంది ఒక్కోసారి. చూసుకోకుండా దాని మీదే ఇంకోటి బిగిస్తే స్టార్ట్ చేసిన నిమిషంలో పార్కింగ్ అంతా ఆయిలే.

అన్నీ బిగించి, మే నెల ఎండలో ఔటర్ రింగ్ రోడ్డు మీద తిప్పితే ఆయిల్ వేడి 105 దాటలేదు. మురిసిపోయి మళ్ళీ అదే గాడిలోకి తీసుకెళ్ళాను. అదే చోట, అదే లైటు, అదే మినుకు.

అప్పుడు వెలిగింది మామా, నా బుర్రలో. వేడే కారణమైతే ఎక్కేటప్పుడు, ఇంజిన్ మీద బరువు పడినప్పుడు రావాలి. దిగేటప్పుడు ఎందుకొస్తుంది? బండి ముక్కు కిందికి వంగితే చాంబర్‌లో, అంటే ఇంజిన్ అడుగున ఆయిల్ నిలవుండే తొట్టిలో, ఉన్న ఆయిలంతా ముందుకి జారిపోతోంది. పంపు పీల్చే జాలీ ఒడ్డున పడ్డ చేపలా గాలి మింగుతోంది. గాలి పీల్చే పంపుకి చిక్కటి ఆయిల్ అయితేనేం, చల్లటి ఆయిల్ అయితేనేం?

అందుకే చెప్తున్నా, మొట్టమొదట కొనాల్సింది ఆయిల్ ప్రెషర్ గేజ్. అది ఉంటే మొదటి రోజే తెలిసేది. పెట్టాక చూస్తే చదును మీద 3000 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దగ్గర 50 పీఎస్ఐ (ప్రెషర్ కొలత) పైన నిలకడగా ఉన్న ముల్లు, ఆ దిగుడులో 10 కిందికి పడి లేస్తోంది. వెయ్యి ఆర్‌పీఎంకి 10 పీఎస్ఐ అని పాతకాలం నుంచి ఒక మోటు లెక్క ఉంది. ఆ లెక్కన నా ఇంజిన్‌కి జబ్బేమీ లేదు, తిండే అందడం లేదు.

గేజ్ బిగించేటప్పుడు కూడా ఒక తింగరి పని చేశాను, నువ్వు చెయ్యకు. లైటు స్విచ్ విప్పి అక్కడ సెన్సర్ పెట్టాలి. జపాన్ ఇంజిన్ల మీద అక్కడ ఉండేది సాధారణంగా 1/8 బీఎస్‌పీటీ థ్రెడ్, అంటే బ్రిటిష్ కొలత మర. నాకు వచ్చిన సెన్సర్ 1/8 ఎన్‌పీటీ, అమెరికన్ కొలత. చూపుకి కవల పిల్లలు. మొదటి రెండు చుట్లు చేత్తోనే తిరిగింది, తర్వాత బిగిసింది. టేప్ చుట్టి పానాతో ఇంకాస్త లాగాను. ఒకదానికి అంగుళానికి 28 చుట్లు, ఇంకోదానికి 27. ఒకదాని కోణం 55 డిగ్రీలు, ఇంకోదానిది 60. ఎలా కూర్చుంటుంది? రాత్రంతా చుక్క చుక్క కారి, పొద్దున్నకి బండి కింద అరచేయంత మరక. బ్లాక్‌లో థ్రెడ్ చెడిపోనందుకు ఇంట్లో కొబ్బరికాయ కొట్టాను. రాణీగంజ్ వెళ్ళి రెండు చివర్లకీ సరిపోయే ఇత్తడి అడాప్టర్ తెచ్చాక గానీ కారడం ఆగలేదు. ఇంకో మాట, గొట్టం ద్వారా ఆయిల్‌నే డాష్‌బోర్డు దాకా తెచ్చే గేజ్ వద్దు. ఆ గొట్టం తెగితే మరిగే ఆయిల్ నీ తొడల మీద. వైరుతో పనిచేసేదే తీసుకో.

ఇక అసలు మందు. చాంబర్ దింపాను. ముందు ఇరుసు అడ్డం రావడంతో, ఇంజిన్‌ని బండికి పట్టి ఉంచే మౌంట్ల నట్లు విప్పి, కిరాయికి తెచ్చిన క్రేన్‌తో ఇంజిన్‌ని కాస్త లేపాల్సి వచ్చింది. (బండి కింద స్టాండ్లు పెట్టకుండా జాకీ ఒక్కదాన్ని నమ్మి దూరావంటే మీ ఆవిడకి నేనే ఫోన్ చేస్తా.) లోపల జాలీ చుట్టూ అట్టముక్కతో నమూనా కత్తిరించి ఆటోనగర్ తీసుకెళ్ళాను. వెల్డింగ్ ఆయన 2 మిల్లీమీటర్ల రేకుతో గోడలు కట్టాడు. రెండు గోడలకి చిన్న రేకు తలుపులు, జాలీ వైపుకి మాత్రమే తెరుచుకునేవి. ఆయిల్ లోపలికి వస్తుంది, బండి వంగితే బయటికి పోలేదు. మొత్తం 900 రూపాయలు. 18 వేల కూలర్ పక్కన పెట్టి చూసుకో.

వెల్డింగ్ వేడికి చాంబర్ అంచు వంకరపోతుంది. అద్దం మీద బోర్లించి సందులు చూసి సరిచేసుకోవాలి. జాలీకీ చాంబర్ అడుగుకీ మధ్య ఎంత ఖాళీ ఉండాలన్నది ఇంకో గొడవ. మరీ అంటుకుంటే పీల్చలేదు, మరీ ఎత్తైతే గాలి మింగుతుంది. సుమారు మూడు ఎనిమిదోవంతుల అంగుళం ఉంటే బాగుంటుంది. మూసేశాక లోపల ఎలా కొలుస్తావ్? వంటింట్లోకి వెళ్ళి అమ్మ తడిపిపెట్టిన చపాతీ పిండిలోంచి నిమ్మకాయంత తెచ్చాను. చాంబర్ అడుగున పెట్టి, పైన నూనె రాసి, పాకింగ్‌తో సహా చాంబర్ ఎత్తి నాలుగు బోల్టులు బిగించి మళ్ళీ దింపాను. జాలీ అచ్చు పిండి మీద ముద్రలా పడింది, గళ్ళు కూడా లెక్కపెట్టొచ్చు. అడుగున మిగిలిన మందం 9 మిల్లీమీటర్లు. అమ్మ గుమ్మంలో నిలబడి చూసి, "అది మళ్ళీ పిండిలో కలపకు నాయనా" అంది.

తర్వాత క్రాంక్‌ని పానాతో చేత్తో రెండు చుట్లు తిప్పి, పిస్టన్ల రాడ్లు ఎక్కడా రేకుకి తగలడం లేదని చూసుకున్నాను. అతుకు దగ్గర కారకుండా పూసే గాస్కెట్ మేకర్ పేస్టు సన్నటి గీతలా చాలు. ఎక్కువ పూస్తే లోపలికి పొంగి, తెగి, చివరికి జాలీకే అడ్డం పడుతుంది. బోల్టులు కూడా చిన్నవి, 10 న్యూటన్ మీటర్ల బిగువు దరిదాపుల్లో ఆపేశాను. ఆయిల్ పోశాక వెంటనే స్టార్ట్ చెయ్యలేదు. ఇంజిన్ అంటుకోకుండా పెట్రోల్ పంపు ఫ్యూజ్ పీకి, గేజ్ ముల్లు లేచేదాకా ఆగి ఆగి సెల్ఫ్ కొట్టాను. కూలర్, గొట్టాలు నిండటానికి అర లీటరు అదనంగా పట్టింది.

పోయిన వారం మళ్ళీ ఆ గాడిలో దిగాను. ముల్లు 40 దగ్గర కాస్త వణికింది, అంతే. కిందికి వచ్చాక ఇంజిన్ ఆపి, రాయి మీద కూర్చుని ఫ్లాస్కులో టీ మొత్తం ఒక్కణ్ణే తాగేశాను. కూలర్ దండగ అనను. మన ఎండల్లో ఇసుకలో గంటలకొద్దీ నలిగే బండికి పనికొస్తుంది. కానీ అది నా జబ్బుకి మందు కాదు.

తీసిన పాత ఆయిల్ కోసం పక్కింటాయన చెక్కలకి చెదలు పట్టకుండా పూస్తానని డబ్బా పట్టుకొచ్చాడు. కాలిన ఆయిల్ చేతులకి మంచిది కాదు, భూమికి అసలే మంచిది కాదు. ఆయన మొహం మాడ్చుకున్నా ఇవ్వలేదు. రీసైక్లింగ్‌కి పంపే సర్వీస్ సెంటర్‌లో ఇచ్చొచ్చాను.

నీది డీజిల్, పాత పెజో ఇంజిన్. నా అంకెలు నీకు పనికిరావు, నీ మాన్యువల్లో ఉన్నవే చూసుకో. ఆయిల్ నాలుగు రోజులకే నల్లబడిందని కంగారు పడకు, మసిని పట్టుకుని తనలో ఉంచుకోవడం దాని పనే. నీ చాంబర్ లోతు ముందువైపు ఉందో వెనకవైపు ఉందో కింద దూరి చూడు. నీకు భయం ఎక్కేటప్పుడా దిగేటప్పుడా అన్నది దాన్నిబట్టే తెలుస్తుంది. ఈ ఆదివారం లైటు స్విచ్ విప్పి, థ్రెడ్ పక్కన స్కేలు పెట్టి ఫోటో పంపు. అడాప్టర్ రాణీగంజ్‌లో నేనే తీసి కొరియర్ చేస్తాను. కూలర్ డబ్బులు మాత్రం అప్పటిదాకా జేబులోనే ఉంచు.

పిల్లలకి ముద్దులు. కాఫీ పొడి పంపుతానని పోయిన ఏడాది అన్నావు, గుర్తుందా?

నీ
అల్వాల్ దోస్త్