కలెక్టర్ గారూ, మేం అడిగింది కొత్త రంగు గురించి కాదు

గౌరవనీయులైన జిల్లా కలెక్టర్ గారికి,

మా అర్జీ "పరిష్కరించబడింది" అని ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. చాలా సంతోషం. ఏం పరిష్కారమైందో కూడా అందులోనే రాసి ఉంటే మాకు ఈ లేఖ రాసే పని తప్పేది.

ప్రజావాణిలో ఇచ్చిన కాగితం మీ టేబుల్ దాకా వచ్చిందో లేదో తెలియదు కాబట్టి మళ్లీ చెప్తున్నాను. మా ఊరి ప్రాథమిక పాఠశాలకు రంగులు వేస్తున్నారు. బడికి రంగులు వద్దని ఏ తల్లీ అనదు. తలుపులకూ కిటికీలకూ ఉన్న పాత ఎనామిల్ పెయింట్‌ను పిల్లలు ఉండగా, పొడి పొడిగా గీకొద్దని మాత్రమే అడిగాం. గోడల సున్నంతో మాకు పేచీ లేదు. భయమంతా ఆ ఎనామిల్‌తోనే, అందులో సీసం (లెడ్) ఉండొచ్చు కాబట్టి. కిటికీ రెక్క నుంచి ఊడిన ఒక పెచ్చు నా దగ్గరుంది. పైన నీలం, దాని కింద ఆకుపచ్చ, ఇంకా కింద పసుపు, అడుగున గులాబీ రంగు ప్రైమర్. ఇళ్లకు వాడే పెయింట్లలో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో 90 పాళ్లు, దాటకూడదనే నిబంధన 2016లో వచ్చింది, అమలైంది 2017 నవంబరు నుంచి. మా బడి అంతకు చాలా ముందే కట్టారు. పసుపు రంగు కోసం సీసం ఉండే లెడ్ క్రోమేట్ కలపడం అప్పట్లో మామూలే. డబ్బాలో ఏముందని అడిగిన నాథుడు లేడు.

దీనికి మీ కింది అధికారులు ఇచ్చిన జవాబు చూడండి: వాడుతున్న పెయింట్ ప్రమాణాల ప్రకారమే ఉందట, అందులో సీసం లేదట. కొత్త డబ్బా ఫొటో కూడా జత చేశారు. లేబుల్ మీద అక్షరాలు కూడా చదవొచ్చు, అంత బాగా తీశారు. కానీ సార్, మేం అడిగింది వేసే రంగు గురించి కాదు, ఊడగొట్టే రంగు గురించి! తలనొప్పి అంటే మోకాలికి మందు రాసినట్టుంది. మళ్లీ అర్జీ పెడితే మళ్లీ అదే ఫొటో. ఎంఈవో గారిని అడిగితే ఇంజనీరింగ్ వాళ్లను అడగమన్నారు. ఏఈ గారు అది కమిటీ చూసుకోవాలన్నారు. బడి పనులు చూసే ఆ అమ్మ ఆదర్శ కమిటీలో ఉన్నదేమో మాలాంటి ఆడవాళ్లే. పాపం వాళ్లు ఎస్టిమేట్ కాగితం తెచ్చి చూపించారు. పాత రంగు ఎలా తీయాలో అందులో ఒక్క లైను లేదు. కింద పరిచే పట్టాకు, మాస్కులకు పైసా లేదు.

వేసవి సెలవుల్లోనే పని అయిపోతుందని మా ఊరికి వచ్చినప్పుడు మీరే చెప్పారు. బిల్లులు రాలేదని పెయింటర్లు మధ్యలో వెళ్లిపోయారు. బడి తెరిచాక తిరిగొచ్చారు. ఒకటో తరగతి తలుపు ఊడదీసి వరండాలోనే వేసి గ్రైండర్ పెట్టారు. ఆ పొడి అరుగంతా మైదాపిండిలా పరుచుకుంది. మా పాపా, దాని స్నేహితురాళ్లూ అందులో వేలితో పేర్లు రాసుకుంటున్నారు! అరగంటలో మధ్యాహ్న భోజనం బెల్లు. అవే చేతులు, అదే అరుగు, అక్కడే కంచాలు. సాయంత్రం ఆ పొడినంతా చీపురుతో ఊడ్చి బోరింగు పక్కన పోశారు. పెయింటర్ మూతికి తువాలు కట్టుకున్నాడు. అంత సన్నటి దుమ్మును తువాలు ఆపుతుందా? ఆ చొక్కాతోనే ఇంటికెళ్లి వాళ్ల పిల్లల్ని ఎత్తుకుంటాడు. అతన్ని అనడానికి లేదు, అతనికి చెప్పినవాళ్లెవరు?

"పిల్లలకు ఏమీ కాలేదు కదమ్మా" అని ఒక అధికారి ఓదార్చారు. సీసంతో ఉన్న చిక్కే అది. జ్వరం రాదు, దద్దుర్లు రావు. కడుపులోకి పోయిన సీసాన్ని పెద్దల కన్నా పిల్లల ఒళ్లు నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుంది. అది ఎముకల్లో చేరుతుంది, మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఇంత వరకైతే ఫర్వాలేదు అనే మోతాదే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రక్త పరీక్ష చేస్తే తప్ప బయటపడదు. మా పీహెచ్‌సీలో ఆ పరీక్ష లేదు. రేపు పిల్లకు లెక్కలు ఎక్కకపోతే టీచర్‌ను తిడతాం, పిల్లను కొడతాం.

మా తమ్ముడు అమెరికాలో అద్దె ఇంట్లో దిగేటప్పుడు, ఆ ఇల్లు 1978కి ముందు కట్టిందని సీసం పెయింట్ గురించి పుస్తకం ఇచ్చి సంతకం పెట్టించుకున్నారు. ఈ మాట చెబితే ఏఈ గారు నవ్వి, అమెరికా రూల్స్ ఇక్కడ నడవవన్నారు. నీళ్లు చల్లి గీకడానికి అమెరికా దాకా ఎందుకండీ?

పెయింట్ గట్టిగా ఉన్న చోట గీకనే వద్దు, మీద కొత్తది వేయించండి. పెచ్చులు లేచిన చోట కింద పట్టా పరిచి, తడిపి గీకించండి. గ్రైండర్‌తో, మంటతో రంగు ఊడగొట్టే పనులు ఆపించండి. పొడిని తడిగుడ్డతో తుడిచి, సంచిలో కట్టి పంపించండి. పిల్లలు లేనప్పుడు చేయించండి. ముందు ఒక్క పెచ్చునైనా పరీక్షకు పంపండి. హైదరాబాద్‌లో అంత పెద్ద పెద్ద పరిశోధన సంస్థలున్నాయి, ఒక పెచ్చు చూడలేరా? ఇదంతా ఒక సర్క్యులర్ పని. ఒక్క సర్క్యులర్, సార్.

హైస్కూల్ కిటికీలు ఇంకా ముట్టుకోలేదు. త్వరలోనే మొదలుపెడతామంటున్నారు. దసరా సెలవుల దాకా ఆ పని ఆపించండి. కుదరదంటే, కుదరదని మీ సంతకంతో రాసివ్వండి.

ఇట్లు,
ఒకటో తరగతి పిల్ల తల్లి