మెట్టతామరకు ఎండల్లో యూరియా, ఎవరికి మేలు?

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. మృగశిర కార్తె దగ్గరపడుతున్న ఈ రోజుల్లో నగరంలోని అపార్టుమెంట్ల ముందూ, కాలనీ పార్కుల్లోనూ పూలమళ్ళకు ఎరువులు వేసే పని జోరందుకుంటుంది. ఆ మళ్ళలో ఎక్కువగా కనిపించేది మెట్టతామర, అంటే నర్సరీల వాళ్ళు కెనా పేరుతో అమ్మే మొక్క. ఒకసారి దుంప నాటితే ఏళ్ళ తరబడి పిలకలు వేసుకుంటూ బతుకుతుంది కాబట్టి దీని ఎరువుల గురించి ప్రత్యేకంగా ఆలోచించవలసిన పని లేదని చాలామంది అనుకుంటారు. మన హైదరాబాద్ నేలనూ నీటినీ దృష్టిలో పెట్టుకుంటే ఆలోచించవలసినది చాలానే ఉందని మీ పాఠకులకు తెలియజేయాలన్న ఉద్దేశంతో ఈ లేఖ రాస్తున్నాను.

ఏప్రిల్, మే నెలల్లో ఆకులు వెలవెలబోగానే తోటమాలి చేత గుప్పెళ్ళతో యూరియా చల్లించడం అనేకచోట్ల అలవాటుగా మారింది. యూరియాలో నత్రజని 46 శాతం ఉంటుంది. ఎండిన మట్టి మీద చల్లి, పైపైన కాసిన్ని నీళ్ళు చిలకరిస్తే అది అమ్మోనియాగా మారి, వేడికి చాలా భాగం గాలిలో కలిసిపోతుంది. మట్టి క్షార గుణం కలదైతే ఈ నష్టం మరింత పెరుగుతుంది. మట్టిలో మిగిలినదైనా మొక్కకు మేలు చేస్తుందా అంటే అదీ లేదు. మెట్టతామర తేమను కోరే మొక్క, దాని వెడల్పాటి ఆకుల నుంచి ఎండకు నీరు విపరీతంగా ఆవిరవుతుంది. అలాంటి సమయంలో వేర్ల చుట్టూ లవణాల గాఢత పెరిగితే వేరు నీటిని పీల్చుకోలేదు. ఆకు అంచు ముందు గోధుమరంగుకు తిరిగి, చేత్తో నలిపితే పెళుసుగా విరుగుతుంది. దాన్ని చూసి ఎరువు చాలలేదనుకుని మళ్ళీ యూరియా చల్లించేవారిని చూస్తే నిజంగా బాధ కలుగుతుంది. ఆ మొక్కకు అప్పుడు కావలసినది దుంప లోతు వరకు దిగే నీరు, మట్టి మీద ఎండుటాకుల కప్పు. అంతకు మించి ఏమీ అక్కరలేదు.

ఈ సందర్భంలో నీటి సంగతి కూడా చెప్పాలి. నగరంలో చాలా కాలనీలు బోరునీటి మీదే ఆధారపడతాయి, ఆ నీటిలో చాలాచోట్ల కాఠిన్యం ఎక్కువ. దానికి తోడు, వంటింట్లో ఆర్వో యంత్రం నుంచి బయటికి పోయే నీటిని వృథా చేయడం ఎందుకని మెట్టతామర కుండీలకు పోస్తున్నారు. పొదుపు ఉద్దేశం మంచిదే. అయితే ఆ నీటిలో లవణాలు మామూలు బోరునీటిలో కంటే గాఢంగా ఉంటాయి. రోజూ ఆ నీరే పోస్తూ పైన రసాయనిక ఎరువు కూడా వేస్తే కొంతకాలానికి కుండీ అంచున తెల్లటి పొర పేరుకుంటుంది. ఆ పొర కనిపించిన కుండీకి ఎరువు ఆపి, అడుగు రంధ్రం నుంచి నీరు ధారగా బయటికి వచ్చేంతవరకు మంచినీరో వాననీరో పట్టించాలి. ఏసీ నుంచి కారే నీటిలో లవణాలు దాదాపు ఉండవు కనుక ఆర్వో నీటికి బదులు దాన్ని పట్టి పోయడం ఎంతో మేలు.

ఆకు పసుపెక్కిన ప్రతిసారీ నత్రజని లోపమే అనుకోకూడదు. నత్రజని చాలనప్పుడు అడుగున ఉన్న ముదురు ఆకులు ముందు పాలిపోతాయి, ఎందుకంటే మొక్క ఉన్న నత్రజనిని పాత ఆకుల నుంచి తీసి కొత్త చిగురుకు పంపుతుంది. ఇనుము అలా కదలదు. అది అందనప్పుడు పైన అప్పుడే విచ్చుకున్న లేత ఆకు పసుపెక్కుతుంది, దాని ఈనెలు మాత్రం పచ్చగా నిలుస్తాయి. కఠినమైన బోరునీరు తాగిన మట్టిలో ఇనుము ఉన్నా వేరుకు అందదు కాబట్టి మన నగరంలో ఈ రెండో లక్షణం తరచుగా కనిపిస్తుంది. దీనికి యూరియా మందు కాదు. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్, అంటే ఇనుము ఇచ్చే లవణం), ఒక గ్రాము నిమ్మ ఉప్పు కలిపి, సాయంత్రం వేళ ఆకుల మీద వారం పది రోజుల తేడాతో రెండు మూడుసార్లు పిచికారీ చేస్తే కొత్త ఆకులు పచ్చబడతాయి. పొటాష్ కోసమని కట్టెల బూడిద వేయమని సలహా ఇచ్చేవారు కూడా ఉన్నారు. బూడిద మట్టి క్షారాన్ని ఇంకా పెంచుతుంది కనుక, ఇలాంటి నేలలో అది ఇనుము లోపాన్ని ముదరబెడుతుంది.

మరి ఎరువు ఎప్పుడు వేయాలి? నా అభిప్రాయంలో మృగశిర దాటి, నేల కనీసం జానెడు లోతు తడిసిన తరువాతనే. నగరంలో పడే వర్షంలో అధిక భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపలే కురుస్తుంది. మెట్టతామర దుంప కొత్త పిలకలు జోరుగా తొడిగేదీ అప్పుడే. మొదటి మోతాదు బస్తాల్లో వచ్చే రసాయనిక ఎరువు కాకూడదు. చదరపు మీటరుకు నాలుగైదు కిలోల చొప్పున బాగా చివికిన పశువుల ఎరువును, దొరికితే గుప్పెడు వేపపిండితో కలిపి, దుంపలు తెగకుండా పైమట్టిలో కలపాలి. ఎరువు చివికిందో లేదో తెలుసుకోవడం కష్టం కాదు. చేతిలోకి తీసుకుంటే పొడిపొడిగా రాలాలి, పేడ వాసన పోయి మట్టి వాసన రావాలి, కుప్ప లోపల చెయ్యి పెడితే వేడి తగలకూడదు. పచ్చిపేడ వేస్తే దాని వేడికి లేత వేళ్ళు దెబ్బతింటాయి, వేరుపురుగు చేరుతుంది, కలుపు గింజలు మొలుస్తాయి. మన ఎర్ర చల్కా నేలలు నీటినీ పోషకాలనూ ఎక్కువసేపు నిలుపుకోలేవు, ఇళ్ళు కట్టేటప్పుడు మొరం నింపిన చోట్లయితే మరీ అన్యాయం. ఆ నేలకు తడిని పట్టి ఉంచే గుణం పశువుల ఎరువుతోనో ఆకు కంపోస్టుతోనో వస్తుంది గాని ఏ రసాయనిక ఎరువుతోనూ రాదు. నల్లమట్టి ఉన్నచోట మోతాదు కొంత తగ్గించినా ఫరవాలేదు.

ఆ తరువాత కొత్త పిలకలు మోకాలెత్తు పెరిగినప్పుడు నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్ళలో ఉండే 17:17:17 కాంప్లెక్స్ ఎరువును చదరపు మీటరుకు 20 గ్రాములకు మించకుండా, కాండానికి తగలకుండా వేసి వెంటనే నీరు పెట్టవచ్చు. నెల రోజుల తరువాత ఇంకొకసారి చాలు. ఒకేసారి పెద్ద మోతాదు పోస్తే మొదటి పెద్దవానకే కొట్టుకుపోతుంది. ఆకు ఏపుగా ఉండి పూలు రావడం లేదంటే నత్రజని ఎక్కువైందని గాని, ఎండ చాలలేదని గాని అర్థం చేసుకోవాలి. నత్రజనితో మెత్తబడిన ఆకును ఆకుచుట్టు పురుగూ పేనుబంకా ముందుగా ఆశిస్తాయి. పూత కోసం పొటాష్ ఇవ్వాలనుకునేవారు కుండీలకు మ్యూరేట్ ఆఫ్ పొటాష్ కంటే సల్ఫేట్ ఆఫ్ పొటాష్ వాడడం మంచిది, అందులో క్లోరైడు బెడద ఉండదు. పూలు పూర్తిగా అయిపోయిన కాడను నేల దగ్గరికి కోసేస్తే దుంప బలం కొత్త పిలకలకు చేరుతుంది. చలికాలంలో ఎదుగుదల మందగిస్తుంది కాబట్టి నవంబరు నుంచి రసాయనిక ఎరువులు ఆపేయాలి.

ఇంత వివరంగా రాయడానికి మరొక కారణం మన చెరువులు. మళ్ళ నుంచి వానకు కొట్టుకుపోయిన నత్రజని, భాస్వరం నాలాల గుండా చెరువుల్లోకే చేరతాయి. చెరువుల్లో ప్రధాన కాలుష్యం మురుగునీటిదే అయినా, గుర్రపుడెక్క అంతగా పెరగడానికి ఆహారం ఈ రెండు పోషకాలే. మన నగరంలోని నెక్నాంపూర్ చెరువులో 2018లో నీటిని శుభ్రపరచడానికి తేలియాడే తెప్పల మీద నాటిన మొక్కల్లో మెట్టతామర కూడా ఉంది, నీటిలోని పోషకాలను దాని వేళ్ళు బలంగా పీల్చుకుంటాయి కాబట్టే దాన్ని ఎంచుకున్నారు. ఒకవైపు ఈ మొక్కతోనే చెరువు నుంచి నత్రజనిని తీయించే ప్రయత్నం జరుగుతుండగా, మరోవైపు ఇదే మొక్క పేరు చెప్పి మన మళ్ళ నుంచి చెరువులోకి నత్రజనిని పంపడం ఎంతమాత్రం సమంజసం కాదు.

కాబట్టి కాలనీ సంక్షేమ సంఘాలకు నాదొక విన్నపం. తోట పని గుత్తేదారుకు అప్పగించేటప్పుడు ఎన్ని బస్తాల ఎరువు వేయాలన్నది ఒప్పందంలో రాయించుకోవడం మాని, ఎన్ని తట్టల చివికిన ఎరువు, ఏ నెలలో, మట్టి పరీక్ష ఫలితాన్ని బట్టి ఎంత కాంప్లెక్స్ అన్నది రాయించుకోండి. రాలిన ఆకులను గేటు బయట తగలబెట్టించకుండా ఒక మూల గుంట తీయించి కంపోస్టు చేయించండి, మెట్టతామర మడికి కావలసిన కప్పు అందులోనే దొరుకుతుంది. నర్సరీల యజమానులు దుంపతో పాటు నాలుగు వాక్యాల తెలుగు చీటీ ఇస్తే కొనేవారికి ఎంతో ఉపకారం. మీ పత్రిక తోటల శీర్షికలో జూన్ మొదటి వారానికల్లా ఈ విషయాలను, మట్టి నమూనా తీసే పద్ధతిని, నగరంలో మట్టి పరీక్ష చేసే ప్రయోగశాలల వివరాలను ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకురాలు,
సైనిక్‌పురి, హైదరాబాద్.