అక్కా, గంటలు లెక్కపెట్టడం దగ్గరే ఆగిపోకు

బర్మింగ్‌హామ్

ప్రియమైన అక్కకు,

ఇక్కడ నేను క్షేమం. నువ్వు, బావగారు, పిల్లలు క్షేమమని తలుస్తాను. మొన్న నువ్వు ఫోనులో అడిగినప్పుడు డ్యూటీకి వేళవుతూ ఉండటంతో సరిగా జవాబు చెప్పలేకపోయాను. నర్సు రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు సీఎన్‌ఈ (నిరంతర నర్సింగ్ విద్య) గంటలు చూపించమంటున్నారని, ఇన్నేళ్లు సర్వీసు చేసినవాళ్లకు మళ్లీ ఈ తరగతులెందుకని అన్నావు. ఇక్కడ రిజిస్ట్రేషన్ కొనసాగించుకోవడానికి చేసే రీవాలిడేషన్ నాకు ఈ మధ్యే పూర్తయింది. ఆ కాగితాలు ఇంకా బల్ల మీదే ఉన్నాయి కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను.

నువ్వు నర్సింగ్ చదివిన రోజుల్లో, గుండె ఆగిన మనిషి ఛాతీని 15 సార్లు నొక్కి 2 శ్వాసలు ఇవ్వాలని నేర్పారు. ఆ లెక్క పైకి వల్లిస్తూ నువ్వు దిండు మీద సాధన చేయడం నాకు గుర్తుంది. 2005లో వచ్చిన మార్గదర్శకాలు దాన్ని 30కి 2 చేశాయి. నొక్కడం ఆపిన ప్రతిసారీ గుండెకూ మెదడుకూ రక్తాన్ని పంపే ఒత్తిడి పడిపోతుంది, మళ్లీ పుంజుకోవడానికి కొన్ని నొక్కులు పడుతుంది. అందుకే ఆ మార్పు. 2010లో నొక్కే లోతు కూడా మారింది, పెద్దవాళ్లకు కనీసం 5 సెంటీమీటర్లు అన్నారు. ఇవన్నీ నీకు తెలుసు. ఎలా తెలుసు? ఎవరో ఒకరు మీ వార్డుకు వచ్చి నేర్పారు కాబట్టి. ఎన్ని వందల మంది పేషెంట్లను చూసినా 15 కాస్తా 30 అయిందని వాళ్లు మనకు చెప్పరు కదా.

ఇక్కడి పద్ధతి చెబుతాను. బ్రిటన్‌లో నర్సులందరూ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్ రిజిస్టరులో ఉండాలి. మూడేళ్లకోసారి రీవాలిడేషన్ చేసుకోకపోతే పేరు పోతుంది, పేరు పోతే నర్సుగా పనిచేసే అర్హత ఉండదు. ఆ మూడేళ్లలో 450 గంటల ప్రాక్టీసు, 35 గంటల నిరంతర విద్య చూపాలి. ఆ 35లో 20 గంటలు నలుగురితో కలిసి నేర్చుకున్నవై ఉండాలి. ఒంటరిగా కూర్చుని చదివితే ఆ 20లోకి రాదు. మన పనికి నేరుగా సంబంధం లేని తప్పనిసరి శిక్షణలు, అంటే అగ్నిప్రమాద జాగ్రత్తల వంటివి, ఎన్నిసార్లు చేసినా లెక్కలోకి రావు. ఆరోగ్యం, నడవడిక గురించిన ధ్రువీకరణ, వృత్తి బీమా వివరాలు కూడా ఇవ్వాలి. అవి పెద్ద పని కాదు.

నేను నీకు ముఖ్యంగా చెప్పదలచింది వేరే ఉంది. ఈ 450, ఈ 35 పాతవే. 2016 ఏప్రిల్‌కు ముందున్న పద్ధతిలోనూ అవే గంటలు. అప్పుడు కొత్తగా చేర్చింది మరొకటి. మన పని గురించి ఇతరులు చెప్పిన అభిప్రాయాలు ఐదు సేకరించాలి. మన అనుభవం మీద మనమే ఐదు రాతలు రాయాలి. రాసినవాటి గురించి రిజిస్టరులో ఉన్న మరో నర్సుతోనో మిడ్‌వైఫ్‌తోనో కూర్చుని మాట్లాడాలి. ఆ ఫారంలో ప్రశ్నలు నాలుగే: ఏం జరిగింది, ఏం నేర్చుకున్నావు, దాని వల్ల నీ పనిలో ఏం మార్చావు, వృత్తి నియమావళికి దీనితో ఏం సంబంధం. అసలు పరీక్ష మూడో ప్రశ్న. సర్టిఫికెట్ల కట్ట ఎంత లావుగా ఉన్నా దానికి జవాబు దొరకదు.

నేను రాసిన ఐదింటిలో ఒకటి చెబుతాను. బెడ్‌సోర్స్, అంటే కదలకుండా పడుకున్నవాళ్లకు ఒత్తిడి వల్ల పడే పుండ్ల మీద ఒక శిక్షణకు వెళ్లాను. మొదటి దశను ఎలా పట్టాలని మనం చదువుకున్నాం? చర్మం ఎర్రబడుతుంది, వేలితో నొక్కి వదిలినా ఆ ఎరుపు పోదు. తెల్లటి చర్మం మీద ఈ గుర్తు బాగా పనిచేస్తుంది. మనలాంటి చామనఛాయ చర్మం మీద, ఇంకా నల్లటి చర్మం మీద ఎరుపు సరిగా కనిపించదు. కనిపించినా చుట్టూ ఉన్న చోటు కంటే కాస్త ముదురుగా, ఊదాగా ఉంటుందంతే. కాబట్టి కంటితో పాటు చేతిని నమ్మాలని నేర్పారు: చేతి వెనక భాగం ఆనించి వేడి చూడాలి, పక్కనున్న చర్మంతో పోల్చాలి, గట్టిపడిందా లేక నీరు పట్టినట్టు మెత్తబడిందా తడిమి చూడాలి, నొప్పిగా ఉందా అని పేషెంటునే అడగాలి.

తర్వాత కొద్ది రోజులకే మంచం దిగలేని ఒక పేషెంటు మడమలు చూస్తున్నాను. చూపుకు రెండూ ఒకేలా ఉన్నాయి. ముట్టుకుంటే ఒకటి వెచ్చగా, లోపల మెత్తగా ఉంది, అక్కడ నొక్కితే ఆయన కాలు లాక్కున్నారు. పిక్క కింద దిండు పెట్టి మడమ పరుపుకు తగలకుండా గాలిలో ఉంచాం. చర్మం చిట్లలేదు. ఆయన ఎవరో, వయసెంతో నీకు రాయను. అక్కడా రాయలేదు, పేషెంటును గుర్తుపట్టే వివరం ఒక్కటీ ఆ రాతల్లో ఉండకూడదన్నది కచ్చితమైన నియమం.

ఇది చదివి, నాతో చర్చకు కూర్చున్న సీనియర్ నర్సు ఒకటే అడిగారు: "మీరు డ్యూటీలో లేని రాత్రి ఆ మడమ ఎవరు ముట్టుకుని చూస్తారు?" ఆ ప్రశ్న నన్ను కదిలించింది. ఇప్పుడు డ్యూటీ మారేటప్పుడు చేసే హ్యాండోవర్‌లో చర్మం గురించి చెప్పేటప్పుడు "చూశాం" అని సరిపెట్టుకోము, "ముట్టుకుని చూశాం" అని చెప్పుకుంటాం. కొత్తగా చేరినవాళ్లకు నేనే చేతితో చూపిస్తాను. 20 గంటలు కలిసి నేర్చుకోవాలని ఎందుకు పట్టుబడతారో నాకు ఆ రోజు బోధపడింది.

ఈ పద్ధతి అంతా బాగుందని అనను. నేర్చుకునే బాధ్యత నర్సుది అన్నారు గానీ, అందుకు డ్యూటీలో సమయం ఇచ్చి తీరాలని యాజమాన్యానికి షరతు పెట్టలేదు. నైట్ డ్యూటీ దిగి, మూతలు పడుతున్న కళ్లతో కంప్యూటర్ ముందు కూర్చుని మాడ్యూళ్లు పూర్తిచేసేవాళ్లను చూస్తుంటే నాకు కోపం వస్తుంది. పేషెంటు కోసమే ఈ చదువు అయినప్పుడు అది డ్యూటీ రోస్టరులోనే ఉండాలి. మీ దగ్గరా ఇదే సమస్య అని తెలుసు. నర్సుల సంఘం తరఫున నువ్వు అడగగలిగితే తప్పక అడుగు.

ఇక నీ సంగతి. ఏ సెషన్ దగ్గరలో ఉంటే దానికి వెళ్లి సంతకం పెట్టి రావడం కాకుండా, నీ ప్రసూతి వార్డులో రోజూ ఎదురయ్యేదాన్ని ఎంచుకో. కాన్పు తర్వాత రక్తస్రావం అయితే నా దృష్టిలో అన్నిటికంటే మేలు. కంటి అంచనాతో రక్తనష్టాన్ని తక్కువగా లెక్కేస్తామని నీకు తెలియనిది కాదు. ఈ ఊరి విశ్వవిద్యాలయం నడిపిన ఈ-మోటివ్ పరిశోధన ఫలితాలు 2023లో వచ్చాయి. కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లో 80 ఆసుపత్రులు పాల్గొన్నాయి. కొలత గుర్తులున్న ప్లాస్టిక్ షీటుతో రక్తాన్ని కొలిచారు, హద్దు దాటగానే చికిత్సలన్నీ ఒక్కసారే మొదలుపెట్టారు. తీవ్ర రక్తస్రావం, దాని వల్ల కడుపు కోయాల్సి రావడం, మరణం, ఈ మూడింటినీ కలిపి చూస్తే మామూలు పద్ధతిలో 4.3 శాతం ఉన్నది 1.6 శాతానికి తగ్గింది. మీ వార్డులో ఇప్పుడు ఎలా కొలుస్తున్నారో ఒక వారం గమనించు. ఆపైన దీని మీద శిక్షణ ఎక్కడ దొరికితే అక్కడికి వెళ్లు, వీలైతే జూనియర్లలో ఒకరిని వెంట తీసుకెళ్లు.

వచ్చాక ఆ నాలుగు ప్రశ్నలకూ తెలుగులోనే ఒక పేజీ రాసి నాకు పంపు. మీ కౌన్సిల్ అడగకపోయినా సరే. ఆదివారం ఫోను చేసి, ఆ సీనియర్ నర్సు నన్ను అడిగినట్టే నిన్నూ అడుగుతాను. బావగారికి నమస్కారాలు, పిల్లలకు ఆశీస్సులు.

ప్రేమతో,
నీ తమ్ముడు