జీరో టికెట్టు వెనక ఖాళీ ఎందుకు?

సంపాదకులకు నమస్కారం.

2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు చార్జీ లేకపోవడంతో మా నకిరేకల్ వైపు కుటుంబాలకు హైదరాబాద్ కాస్త దగ్గరైంది. ఆసుపత్రికో, పెళ్లి బట్టలకో తప్ప ఊరు దాటని మా అత్తగారు కూడా మొన్నటి సెలవుల్లో "పిల్లలకు ఒకసారి పట్నం చూపించుకొద్దాం" అన్నారు. నాకు, అత్తగారికి, పాపకు జీరో టికెట్లు. బాబుకు అర టికెట్టు.

హైదరాబాద్ ఇమ్లీబన్ బస్టాండులో దిగాక మొదలైంది అసలు చిక్కు. ఎటు వెళ్లాలి? అడిగిన ఆటోవాళ్లంతా టికెట్టు కొని లోపలికి వెళ్లే చోట్లే చెప్పారు. అలా రెండు చోట్లు తిరిగితే బస్సులో మిగిలింది కాస్తా అక్కడే ఖర్చు. చివరికి నడుద్దామనుకుని నయాపుల్ మీదుగా చార్మినార్‌కు వెళ్లాం. పైకి ఎక్కడానికే టికెట్టు. కింద కమానుల మధ్య నిలబడి తలెత్తి చూడటానికి, పక్కనే మక్కా మసీదు ఆవరణలో పావురాల మధ్య కాసేపు కూర్చోవడానికి ఎవరూ ఏమీ అడగలేదు. దారిలో మూసీ వంతెన మీద బాబు ముక్కు మూసుకున్నాడు. ఈ నీళ్లే మన జిల్లాలో పారి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తాయంటే నమ్మలేదు. మూసీ గురించి రాయాలంటే వేరే ఉత్తరమే కావాలి.

సాయంత్రం నౌబత్ పహాడ్ మీది బిర్లా మందిర్‌కు వెళ్లాం. అక్కడా ప్రవేశం ఉచితమే. పిల్లలు గంట కొడదామని గుడంతా వెతికారు. ఆ గుడిలో గంటలే ఉండవు! ఆ వెతుకులాటే వాళ్లకు ఓ ఆటయింది.

చీకటి పడే వేళకు ట్యాంక్‌బండ్ చేరాం. అత్తగారి పుట్టిల్లు భువనగిరి దగ్గర. నీళ్ల మధ్య బుద్ధుణ్ణి చూడగానే "ఆ రాయి మా రాయగిరిదే" అన్నారు. 1990లో పడవ మీద తీసుకువెళ్తుంటే విగ్రహం మునిగిపోయి మనుషుల ప్రాణాలు పోవడం, రెండేళ్లకు పైగా హుస్సేన్‌సాగర్ అడుగున పడి ఉండి 1992లో పైకి రావడం, అన్నీ వరసగా చెప్పుకొచ్చారు. పక్కన కూర్చున్న నగరం వాళ్లు కూడా మాటలాపి విన్నారు. టికెట్టు పెట్టి చూసిందేదీ ఆ రోజు అంత బాగుండేది కాదని నా నమ్మకం.

అయితే ఉచితం అన్న మాట గేటు దాకానే. ఒకచోట మరుగుదొడ్డికి మనిషికి ఐదు రూపాయలు, నీళ్ల సీసా ఇరవై. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ కూర్చోవడానికి నీడన ఒక్క బల్ల లేదు.

నా కోరిక పెద్దదేమీ కాదు. మాకు ఇచ్చిన జీరో టికెట్టు వెనకవైపు తెల్లగా ఉంది. రుసుము లేకుండా చూడదగ్గ చోట్లు, తెరిచి ఉండే వేళలు, బస్టాండు నుంచి ఎక్కాల్సిన సిటీ బస్సు నంబర్లు అక్కడ అచ్చు వేయవచ్చు. అదే సమాచారంతో బస్టాండులో పెద్ద తెలుగు అక్షరాల బోర్డు ఒకటి పెట్టవచ్చు. అలాంటి చోట్ల తాగునీరు, మరుగుదొడ్డి కూడా ఉచితంగా ఉంటే మాలాంటి వాళ్లు పిల్లలతో, పెద్దవాళ్లతో ధైర్యంగా బయలుదేరతారు.

వచ్చే సెలవుల్లో మా వీధి నుంచి ఇంకో రెండు కుటుంబాలు వెళ్తున్నాయి. వాళ్లకు నేనే ఓ చీటీ రాసిచ్చాను. అందులో బస్సు నంబర్ల వరస మాత్రం ఖాళీగా ఉంది.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
నకిరేకల్, నల్లగొండ జిల్లా