నీ ఇంటికీ ఓజోన్ పొరకీ ఏం సంబంధమంటే...

తిరుపతి

ఒరేయ్ సుబ్బూ,

నీ ఉత్తరం చేరింది. తిరుచానూరు రోడ్డులో స్థలం రిజిస్ట్రేషన్ అయిపోయిందంటే మా ఇంట్లో అందరికీ సంతోషం. శంకుస్థాపన ముహూర్తం ఎప్పుడో కనుక్కోమని అమ్మ ఒకటే పోరు. ఆ సంగతి తర్వాత రాయి గానీ, నువ్వడిగిన ఇంకో ప్రశ్నకే ఈ కాగితాలన్నీ అయిపోయేలా ఉన్నాయి. ఆర్కిటెక్టు గ్రీన్ బిల్డింగ్ (కరెంటూ నీళ్ళూ తక్కువ వాడేలా కట్టే ఇల్లు) కట్టుకోమన్నాడనీ, దానివల్ల ఓజోన్ పొరకు కూడా మేలన్నాడనీ రాశావు. "రెండు బెడ్‌రూముల మిద్దెకీ ఆకాశానికీ ఏం సంబంధంరా, ఫీజు పెంచుకోడానికి కాకపోతే" అని వెక్కిరించావు కూడా.

సంబంధం ఉందబ్బా. ఏసీలో తిరిగే గ్యాస్ దగ్గరుంది.

పాత ఫ్రిజ్‌లలో, ఏసీలలో సీఎఫ్‌సీ అనే గ్యాస్ వాడేవాళ్ళు. మంట అంటుకోదు, మనిషికి విషం కాదు, చవక. అది మెల్లగా పైకి చేరితే ఎండ దెబ్బకు విడిపోయి క్లోరిన్ బయటపడుతుందనీ, అది ఓజోన్‌ని తినేస్తుందనీ 1974లో మొలీనా, రోలాండ్ అనే శాస్త్రవేత్తలు లెక్కగట్టి చెప్పారు. ఒక్క క్లోరిన్ పరమాణువు లక్ష దాకా ఓజోన్ అణువుల్ని విరగ్గొట్టగలదట. ఊళ్ళో కాపురాలన్నీ కూల్చి తాను మాత్రం నిక్షేపంగా తిరిగే మనుషులుంటారు చూడు, ఆ బాపతు. 1985లో అంటార్కిటికా పైన ఓజోన్ బాగా పలచబడిందని బ్రిటిష్ శాస్త్రవేత్తలు బయటపెట్టాక ప్రభుత్వాలకు భయం పట్టుకుంది. 1987 సెప్టెంబరు 16న ఇలాంటి గ్యాసుల్ని తగ్గించాలని మాంట్రియల్‌లో దేశాల మధ్య ఒప్పందం కుదిరింది. మన దేశం 1992లో చేరింది. అసలు ఓజోన్ ఉన్నదే ఎంతని! మొత్తం దించి నేల మీద పరిస్తే 3 మిల్లీమీటర్ల మందం. చర్మ క్యాన్సర్, కంట్లో శుక్లాలు తెచ్చే అతినీలలోహిత కిరణాల్ని ఆపేది అదే. మన గాదంకిలో వాతావరణ పరిశోధనాలయం ఉంది కదా, వాళ్ళ పనంతా ఆ పై గాలుల మీదే.

ఇక మీ ఆర్కిటెక్టు మాట. హైదరాబాద్ కేంద్రంగా 2001 నుంచి ఇండియన్ గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్ నడుస్తోంది, ఇలాంటి కట్టడాలకు రేటింగ్ ఇస్తుంది. ఢిల్లీ వైపు నుంచి వచ్చిన 'గృహ' అనే రేటింగ్ ఇంకొకటి. అమెరికా వాళ్ళ 'లీడ్' కూడా మన దగ్గర వాడతారు. హైదరాబాద్‌లో సొరాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్‌ని 2004లో కలాం గారు ప్రారంభించారు. అమెరికా బయట లీడ్ ప్లాటినం (ఆ రేటింగ్‌లో అన్నిటికంటే పై మెట్టు) దక్కిన మొదటి కట్టడం అదే. ఈ ప్రమాణాలన్నిట్లో ఓజోన్ కోసం పెట్టిన షరతులుంటాయి. ఏసీలో సీఎఫ్‌సీ ఉండకూడదు, మంటలార్పే ఏర్పాటులో హేలాన్ (అదీ ఓజోన్‌ని తినే గ్యాసే) వద్దు, ఇలాంటివి.

కానీ ఒక మాట చెప్పనా? ఇప్పుడు కొత్త ఇంటికి "సీఎఫ్‌సీ లేదు" అని టిక్కు పెట్టడం గొప్పేమీ కాదు. బజారులో కొందామన్నా సీఎఫ్‌సీ ఏసీ దొరకదు. ఆ షరతు ఒకప్పుడు పనికొచ్చింది. ఇప్పుడు గండమంతా పాత కట్టడాల్లో ఉంది, అది నేను రోజూ సైట్ల మీద చూస్తున్నా.

మన ఊళ్ళో పాత లాడ్జిలు వరసపెట్టి పడగొట్టి కొత్తవి లేపుతున్నారు. ఆ గదుల్లో ఏళ్ళ తరబడి ఆడిన విండో ఏసీలుంటాయి. వాటిలో ఉండేది ఆర్-22 అనే గ్యాస్. సీఎఫ్‌సీ అంత ఘోరం కాదు, దాంతో పోలిస్తే ఓజోన్‌కి చేసే చేటు ఇరవయ్యో వంతుకి కాస్త పైన. అయితే ఒక్కో ఏసీలో కిలోకి అటూ ఇటూగా ఉంటుంది, లాడ్జికి ఎన్ని గదులో నువ్వే లెక్కేసుకో. పాత సామాను వాడు వస్తాడు, రాగి పైపు మీదే వాడి కన్ను. కటింగ్ ప్లేయర్‌తో ఒక్క నొక్కు, బుస్సుమని మొత్తం గాల్లోకి. పేరెందుకులే గానీ ఒక లాడ్జి పనిలో రికవరీ మెషీన్ తెప్పించి గ్యాస్‌ని సిలిండర్‌లోకి లాగిద్దామన్నాను. "గాలికి కూడా డబ్బులిస్తారా సార్" అని ఓనరు నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది. కొత్త కట్టడానికి రేటింగ్ ఇచ్చేవాళ్ళు, అదే స్థలంలో పడగొట్టిన పాతదాని గ్యాస్ ఎటుపోయిందని గట్టిగా అడిగితే కొత్తదానికిచ్చే టిక్కుల కంటే మేలు జరుగుతుందని నా అభిప్రాయం.

నీ విషయానికొస్తే, గ్రీన్ పద్ధతిలో నాకు బాగా నచ్చేది ఏసీ అవసరాన్నే తగ్గించడం. చిన్న ఏసీ అయితే గ్యాస్ తక్కువ, కారితే పోయేదీ తక్కువే. పడమటి గోడకు పెద్ద కిటికీ పెట్టకు, పెట్టినా సజ్జా బాగా బయటికి లాగించు. మిద్దె మీద తెల్ల పెంకు ముక్కలు పరిపించు, లేదా ఏటా వేసవి ముందు తెల్ల పూత వేయించు. తిరుపతి మే నెల నీకు చెప్పాలా, రాత్రి పది దాటినా శ్లాబు సెగ కక్కుతుంది. ఇవన్నీ సరిగ్గా కుదిరితే టన్నున్నర బదులు ఒక టన్ను ఏసీతో గడిచిపోతుంది. పైన గది ఏమన్నా వేస్తే పఫ్ ప్యానెల్ (రెండు రేకుల మధ్య నురగ నింపిన పలక) గురించి నన్నడుగు. ఆ నురగని ఉబ్బించడానికీ ఓజోన్‌ని తినే హెచ్‌సీఎఫ్‌సీ-141బీ వాడేవాళ్ళు, మన దేశంలో 2020 జనవరి 1 నుంచి ఆపేశారు. ఎక్కడో పాత షెడ్డు విప్పిన ప్యానెల్ చవగ్గా ఇస్తామంటే మాత్రం తీసుకోకు.

ఏసీ కొనేటప్పుడు వెనక స్టిక్కర్ చూడు. ఆర్-32 అనే గ్యాస్ ఉంటే ఓజోన్‌కి ముప్పు లేదు. అట్లని మంచి గ్యాస్ అనుకునేవు, భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్‌కి 675 రెట్లు. ఓజోన్ వేరు, భూమి వేడెక్కడం వేరు, జనం రెండూ కలిపేస్తారు. ఆర్-290 అంటే ప్రొపేన్, రెండిటికీ మేలే, కాకపోతే మంట అంటుకునే గుణం ఎక్కువ కాబట్టి తెలిసిన మెకానిక్కే ముట్టుకోవాలి. మన శ్రీసిటీలోనే డైకిన్, బ్లూస్టార్ వాళ్ళు ఏసీలు చేస్తున్నారు, దూరం పోనక్కర్లేదు.

బిగించే రోజు నువ్వు దగ్గరుండు. పైపుల్లో గాలి తీయడానికి వ్యాక్యూమ్ పంపు పెట్టాలి. పంపు మోసుకురావడానికి బద్ధకించి కొందరు లోపలి గ్యాస్‌నే కొంచెం వదిలి గాలిని తోసేస్తారు. పంపు లేకుండా వస్తే వెనక్కి పంపెయ్. తర్వాతెప్పుడన్నా ఏసీ విప్పాల్సొస్తే పంప్ డౌన్ చేయమను, గ్యాస్ మొత్తం బయటి యూనిట్‌లోకి చేరాకే పైపు విప్పాలి. ఏటా గ్యాస్ కొట్టాలన్నాడంటే ఎక్కడో కారుతోందని అర్థం. ముందు ఆ లీకు పట్టుకోమను, డబ్బులు దానికివ్వు.

అన్నట్టు, ఓజోన్ సంగతి అంత నిరాశగా ఏమీ లేదు. ఇప్పటి నియమాలు ఇలాగే పాటిస్తే అంటార్కిటికా పైన 2066 నాటికి, ధ్రువాలు వదిలేసి మిగతా ప్రపంచంలో 2040 నాటికి 1980 నాటి స్థాయికి వస్తుందని ఐక్యరాజ్యసమితి నిపుణుల అంచనా. అప్పటికి మీవాడికి పెళ్ళీడు వచ్చేసుంటుంది!

ప్లాన్ కాగితం వాట్సాప్‌లో పంపు, పడమటి గోడ సంగతి మేస్త్రీతో కూర్చుని చూస్తా. చెల్లెమ్మను అడిగానని చెప్పు. ముహూర్తం మర్చిపోకు, లేకపోతే అమ్మే నీకు ఫోన్ చేస్తుంది.

నీ
మురళి