పెద్ద హాలులో ఒపేరాను ఆడనివ్వండి

న్యూ సౌత్ వేల్స్ కళల శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

సిడ్నీ ఒపేరా హౌస్‌లోని అతి పెద్ద హాలు ఒపేరాది కాదు. ఒపేరా అంటే పాటలతోనే నడిచే నాటకం. పశ్చిమ సిడ్నీలో ఏళ్ల తరబడి ఉంటున్న మా తెలుగువారిలోనూ చాలామందికి ఈ సంగతి తెలియదు. వారూ చదవాలనే ఈ లేఖ తెలుగులో రాస్తున్నాను.

ఆ భవనానికి రూపకల్పన చేసిన యోర్న్ ఉట్జన్ ప్రణాళికలో ఆ హాలు కచేరీలకూ ఒపేరాకూ ఉమ్మడిది. 1966లో ఆయన తప్పుకున్నాక, ఆస్ట్రేలియా ప్రసార సంస్థ పట్టుదల వల్ల దాన్ని కచేరీలకే కేటాయించారు. అప్పటికే బిగించిన రంగస్థల యంత్రాలను ఊడదీశారు. ఒపేరాకు మిగిలింది 1,507 సీట్ల చిన్న హాలు, వేదిక ముందు వాద్యబృందం ఇరుక్కుని కూర్చునే గుంట. జర్మన్ స్వరకర్త వాగ్నర్ ఒపేరా ‘దస్ రైన్‌గోల్డ్’కు హార్ప్‌లనే పెద్ద తంత్రీవాద్యాలే ఆరు కావాలి. ఆ గుంటలో వాటిని ఎక్కడ సర్దాలి?

2022లో పెద్ద హాలు కొత్త రూపంతో తెరుచుకుంది. వేదిక ఎత్తు తగ్గింది, పైన ధ్వనిని పరావర్తనం చేసే కొత్త రేకులు వచ్చాయి. 2023 నుంచి సిమోన్ యంగ్ సంగీత నిర్వహణలో సిడ్నీ సింఫనీ వాద్యబృందం అక్కడే వాగ్నర్ ‘రింగ్’ ఒపేరాలను (‘దస్ రైన్‌గోల్డ్’ వాటిలో మొదటిది) కచేరీ రూపంలో వినిపిస్తోంది. వాద్యబృందం గుంటలో కాకుండా వేదిక మీదే కూర్చుంటే ఆ సంగీతం ఎంత నిండుగా ఉంటుందో దీనితో తేలిపోయింది. ఇక ఆ గాయకులు నిలబడి పాడటంతో సరిపెట్టుకోకుండా నటించాలి. నేను అడుగుతున్నది అదే.

అక్కడ సెట్లను పైకి లాగే గోపురం లేదు, పక్కల చోటు లేదు అంటారు. నిజమే. కానీ మా పద్యనాటకాలను చూడండి. రంగులద్దిన ఒక తెర, ఒక హార్మోనియం, రాయబారం పద్యం ఎత్తుకున్న కృష్ణుడు. పద్యం నచ్చితే జనం ‘వన్స్ మోర్’ అని అరుస్తారు, నటుడు మళ్లీ పాడతాడు. సెట్టు చిన్నదని ఎవరూ లేచి వెళ్లరు. పాట చెవికి చేరితే మిగతాది ప్రేక్షకుడే ఊహించుకుంటాడు.

పెద్ద హాలులో వేదిక వెనుక కోరస్ (బృందగాయకులు) కోసం వరుసలు ఉన్నాయి. వెర్డీ ఒపేరా ‘ఐదా’లోని విజయోత్సవ ఘట్టానికి అంతకన్నా మంచి చోటు ఏది? వాద్యబృందం గాత్రాన్ని ముంచేయకుండా గాయకులకు ఎత్తైన అరుగు వేయాలి. ప్రతిధ్వని ఎక్కువైతే మాటలు కలగలిసిపోతాయి కాబట్టి దాన్ని తగ్గించేందుకు దించే తెరలను సాధనలోనే సరిచూసుకోవాలి. ఇందుకు డబ్బుకన్నా ముందు రోజులు కావాలి. కచేరీకి ఒకటి రెండు రిహార్సళ్లు సరిపోవచ్చు, నాటకానికి అదే వేదిక మీద వరుసగా చాలా రోజులు కావాలి. ఆ రోజుల్లో హాలుకు రాబడి ఉండదు. ఏ ఒపేరా సంస్థా ఒంటరిగా ఆ భారం మోయలేదు.

కాబట్టి ఏడాదికి ఒక పెద్ద ఒపేరాకు ఆ సాధన రోజుల అద్దెను రాష్ట్రం భరించాలని కోరుతున్నాను. ప్రజల సొమ్ముతో బాగుచేసిన హాలు అది. అందుకే ఆ ప్రదర్శనలకు కొన్ని టికెట్లను శివారు ప్రాంతాల కుటుంబాలు కొనగలిగే ధరకు ఉంచాలి. వచ్చే బడ్జెట్‌లోనే దీనికి పద్దు కేటాయించండి.

భవదీయుడు,
పశ్చిమ సిడ్నీ నుంచి ఒక తెలుగు శ్రోత